రెండున్నర కలుపుకోవాలి

తిరువూరు బస్టాండులో ఎక్కి హైదరాబాదులో దిగేసరికి ఆరు గంటలు పడుతుంది. కువైట్ నుంచి గన్నవరానికి విమానంలో ఐదు గంటలే. ఈ సంగతి అంతోనమ్మకు చెప్పింది ఆమె మొగుడు రాయప్పే. చెప్పినప్పుడు ఆమె జుట్టు అతని పిడికిట్లో ఉంది.

సెలవు అయిపోయి అతను కువైట్ తిరిగి వెళ్లే రోజది. బయట కారు ఆగి ఉంది. సూట్‌కేసు డిక్కీలో పెట్టేశారు. లోపల అతను ఆమె తలను గోడకు నొక్కిపెట్టి, చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా చెప్పాడు.

"సముద్రం అడ్డముంది కదా అనుకోకే. హైదరాబాదులో ఉన్నవాడి కంటే నేనే నీకు దగ్గర. పొద్దున టిఫిను అక్కడ తిని, సాయంత్రానికి ఇక్కడికొచ్చి నీ పీక పిసకగలను."

ఆ తరవాత జుట్టు వదిలేసి, అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకుని, బయటికొచ్చి వీధిలో అందరికీ చేతులు జోడించి కారెక్కాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నారు వీధివాళ్లు. అంతోనమ్మ మాత్రం గోడ దగ్గరే నిలబడిపోయింది. అప్పటిదాకా ఆమెకు ఆ సముద్రం మీద నమ్మకం ఉండేది.

రాయప్ప కువైట్‌లో ఒక పెద్దింట్లో కారు డ్రైవరు. రెండేళ్లకోసారి వచ్చి రెండు నెలలుంటాడు. ఆ రెండు నెలల గుర్తులు పోవడానికి అంతోనమ్మ ఒంటికి మిగతా రెండేళ్లు పట్టేది. కొన్ని అసలు పోలేదు. పై వరసలో పన్ను ఒకటి లేదు. అది ఫోను చేసిన పాపానికి పోయింది. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆమెకు జ్వరం వచ్చి, తెల్లారగానే భయపడి ఫోను చేసింది. అక్కడ ఇంకా చీకటేనని ఆమెకు తోచలేదు. నిద్ర చెడినందుకు అతను ఫోనులో ఏమీ అనలేదు. ఏడాది దాచుకున్నాడు. సెలవుకు వచ్చిన రోజు, ఇంకా సూట్‌కేసు తాళమైనా తీయకముందే, గుమ్మంలో నిలబెట్టి కొట్టాడు. నేను చెప్పే టైముకి రెండున్నర కలుపుకోవాలి, రెండున్నర, అని ఒక్కో మాటకు ఒక్కో దెబ్బ.

అప్పటినుంచి కువైట్ వైపు నుంచి ఏ టైము వినబడినా ఆమె ఆలోచించకుండానే రెండున్నర కలిపేది. ఎనిమిదింటికి డ్యూటీ దిగుతానంటే పదిన్నరకు ఫోను. ఒంటిగంటకు భోజనం అంటే మూడున్నర. నిద్రలో లేపి అడిగినా తప్పు చెప్పదు.

పోని గుర్తుల్లో రెండోది ఎడమ అరచెయ్యి. అంతోనమ్మ ఇంటి ముందు టార్పాలిను పరదా కింద బల్ల వేసుకుని ఇస్త్రీ చేస్తుంది. కొబ్బరి చిప్పలు కాల్చిన బొగ్గులతో నడిచే ఇనప పెట్టె. దాని బరువుకు కొత్తవాళ్లకు మణికట్టు నొప్పి పుడుతుంది. పోయినసారి సెలవులో, చొక్కా కాలరు మీద మడత పడిందని, రాయప్ప ఆ పెట్టెను తిరగేసి, ఆమె అరచేతిని తెచ్చి దానికి అదిమి పట్టుకున్నాడు. ఎంతసేపంటే, బయట రేడియోలో ఒక పాట అయిపోయి ఇంకో పాట మొదలైందాకా. ఇప్పుడా చేతిలో గీతలు లేవు. తోలు గాజులా మెరుస్తుంది. వేడి కూడా తెలియదు. జారిపడ్డ నిప్పును ఎడమ చేత్తోనే తీసి పెట్టెలో వేసేస్తుంది. బట్టల కోసం వచ్చినవాళ్లు అది చూసి అమ్మో అంటారు.

ఆ సెలవు తరవాతే ఆమె ఒక మాట గట్టిగా అనుకుంది. ఈసారి వస్తే ఇంట్లోకి రానివ్వకూడదని. ఆ ఇల్లు ఆమె తండ్రి ఇచ్చింది. ఆ మాట అన్నయ్య యేసురాజుకు చెప్పింది. చర్చి పెద్దలకు చెప్పింది. మొగుడికే ఇంకా చెప్పలేదు. ఫోనులో చెబుదామంటే నోరు వచ్చేది కాదు.

పత్తి తీతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఒక ఫొటో గొడవ వచ్చింది. ఐజాక్ షేర్ ఆటో నడుపుతాడు. మనవలున్న ముసలాయన, ఎప్పుడూ దగ్గే. గంపలగూడెం నుంచి వచ్చేటప్పుడు వెనక పత్తి కూలీలతో కిక్కిరిసిపోయి ఉంటే, అంతోనమ్మ అందరూ కూర్చున్నట్టే ముందు సీట్లో ఆయన పక్కన ఒదిగి కూర్చుంది. ఎవడో పనిలేనివాడు ఫోనులో ఫొటో తీశాడు. ఆ ఫొటో తిరిగి తిరిగి కువైట్ చేరింది.

రాయప్ప ఫోను చేసి అరవలేదు. ముందు ఆ ఫొటో పంపాడు. కాసేపటికి విమానం టికెట్టు ఫొటో పంపాడు. దాని వెనకే గొంతు రికార్డు చేసి పంపాడు. ఆ గొంతు చాలా నిదానంగా ఉంది. "టికెట్టు చూసుకున్నావా? రేపే. ఎన్ని గంటలు బతుకుతావో లెక్క చూసుకో. ఆ ముసలాడి ముందే నిన్ను పీక నులిమి చంపుతా."

అంతోనమ్మ ఆ రికార్డు రెండోసారి వినలేకపోయింది. ఫోను పట్టుకుని అన్నయ్య దగ్గరికి పరిగెత్తింది.

యేసురాజు పత్తి మిల్లులో హమాలీ. మనిషి ఎద్దులా ఉంటాడు కానీ నిదానస్తుడు. టికెట్టు మీద రెండు టైములున్నాయి. కువైట్‌లో బయలుదేరేది పొద్దున ఏడున్నర. గన్నవరంలో దిగేది మధ్యాహ్నం మూడు. అంతోనమ్మ ఎప్పటిలాగే రెంటికీ రెండున్నర కలిపింది. మన పదింటికి ఎక్కి మన ఐదున్నరకు దిగుతాడన్నయ్యా, కారెక్కి ఇక్కడికి వచ్చేసరికి ఏడున్నర దాటుతుంది, అంది. యేసురాజు వేళ్లు మడిచి చూసుకున్నాడు. పదింటి నుంచి ఐదున్నర అంటే ఏడున్నర గంటలు. ఐదు గంటలే అన్నాడు కదా బావ అని అనుమానం వెలిబుచ్చాడు. అంతోనమ్మకూ ఒక్క క్షణం ఎక్కడో తట్టింది. అయితే ఇద్దరూ విమానం ముఖం చూసినవాళ్లు కాదు. హైదరాబాదు బస్సు టిఫినుకు ఆగినట్టు ఇది కూడా మధ్యలో ఎక్కడో ఆగుతుందిలే అని యేసురాజే సర్దిచెప్పాడు.

ఆ రాత్రే అంతా మాట్లాడుకున్నారు. ఎక్కడికైనా వెళ్లి దాక్కోమని యేసురాజు అంటే ఆమె ఒప్పుకోలేదు. ఎక్కడికని పోతాను, పెనుగొలనులో ఉన్న మన అమ్మ దగ్గరికి పోతే అమ్మను కూడా కొడతాడు, అంది. చివరికి తేలిందేమిటంటే, ఆరున్నరకల్లా యేసురాజు, పాస్టరుగారు, నలుగురు పెద్దలు వచ్చి ఆమె ఇంటి ముందు కుర్చీలేసుకుని కూర్చుంటారు. అతను కారు దిగగానే అంతమందిలో ఆమె తన మాట చెబుతుంది. వినకపోతే అక్కడినుంచే పోలీసులకు ఫోను. మిల్లులో లోడింగు ఉంది కాబట్టి యేసురాజు ఐదున్నర దాకా కదలలేడు. ఏం ఫరవాలేదు, ఇంకా రెండు గంటల గడువు ఉంటుంది కదా అనుకున్నారు.

మర్నాడు అంతోనమ్మ రోజూలాగే పని పెట్టుకుంది. ఊరికే కూర్చుంటే చూపు గడియారం మీదికే పోతోంది. బస్టాండు వెనక వీధిలో ఉండే సరోజినీదేవి గారు ఏదో ఫంక్షనుకు వెళ్లాలని గంజి పెట్టిన నేత చీరలు పంపారు. సాయంత్రం కారులో వచ్చి తీసుకుంటానన్నారు. వీధిలో ఆడవాళ్లంతా పత్తికి పోయారు. వాళ్లను ఐజాక్ ఆటో ఐదున్నర ప్రాంతంలో దింపుతుంది. మగవాళ్లు ఎవరి పనుల్లో వాళ్లున్నారు. వీధి మొత్తానికి ఆమె ఒక్కతీ, తడి చీర మీద పెట్టె జారే చప్పుడూ.

ఐదుంబావుకు కారు వచ్చి ఆగింది. ఆమె తలెత్తలేదు. సరోజినీదేవి గారి కారేననుకుని, ఇంకొక్క చీరే ఉందండీ, కూర్చోండి అంది.

కారు వెనక్కి తిరిగి వెళ్లిపోయిన చప్పుడైంది. అప్పుడు అత్తరు వాసన వచ్చింది. అది ఈ ఊళ్లో ఎవరూ పూసుకునేది కాదు. గుమ్మం పైన గడియారం వైపు చూసింది. దాని ప్రకారం అతను ఇంకా ఆకాశంలో ఉండాలి.

"ఎవర్ని కూర్చోమంటున్నావే?" అన్నాడు రాయప్ప.

ఆమె నోరు తెరిచేలోపు చెంప మీద దెబ్బ పడింది. తల వెళ్లి పరదా కట్టిన గుంజకు కొట్టుకుంది. చీరలు జారి మట్టిలో పడ్డాయి. వాటి మీదే ఆమె పడింది. అతను బూటు కాలితో డొక్కలో తన్నాడు. ఒకటి, మళ్లీ ఒకటి. ఊపిరి బయటికి పోయింది గానీ లోపలికి రాలేదు. ఏడుపుకు కూడా గాలి కావాలి. అతను మాత్రం మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. కూలికి వచ్చినవాడు పని చేసుకుంటూ కబుర్లు చెప్పినట్టుంది. విమానంలో కిటికీ పక్క సీటు దొరికిందట. కూర చప్పగా ఉందట. దారి పొడుగునా దీని గురించే ఆలోచించాడట, ఎక్కడ మొదలుపెట్టాలా అని. రెడ్డిగూడెం దాటాక మామిడి తోటలు చూసి మనసు కుదుటపడిందట.

జుట్టు పట్టుకుని ఇంట్లోకి ఈడ్చబోయాడు. లోపలికి పోతే ఇక బయటికి రానని ఆమెకు తెలుసు. రెండు చేతులా బల్ల కాలు కరుచుకుంది. అతను లాగాడు. ఆమె వదల్లేదు. జుట్టు కుదుళ్లతో సహా ఊడి అతని చేతికి వచ్చింది. అతను అది చూసి, విదిలించి పారేసి, మళ్లీ పట్టుకుని లాగేసరికి బల్ల తిరగబడింది. ఇస్త్రీ పెట్టె ధబ్బున నేల మీద పడింది. మూత కొక్కెం ఊడలేదు. నీళ్లు చల్లుకునే గిన్నె మాత్రం దొర్లకుండా ఒక పక్కన కూర్చుంది, సగం నీళ్లతో.

"సరే, ఇక్కడే కానిద్దాం" అన్నాడు.

నడుముకున్న బెల్టు లాగాడు. ఆమెను బోర్లా తొక్కిపెట్టి, వీపు మీద మోకాలు వేసి, బెల్టు మెడ చుట్టూ తిప్పి బిగించాడు. లోపల ఏదో టక్కుమంది. కళ్ల ముందు మట్టి ఎర్రగా కనబడి, తరవాత నల్లగా అయింది. చెవుల్లో విమానం మోత లాంటిది మొదలైంది. ఆమె చేతులు నేల మీద వెతుక్కున్నాయి. కుడి చేతికి చీర అంచు దొరికింది. ఎడమ చేతికి ఏదో బరువైనది తగిలింది.

అది పెట్టె. ఇంకెవరి చెయ్యైనా ఉలిక్కిపడి వెనక్కి వచ్చేసేది. బాగా కాగిన ఇనుము అది. ఆ అరచేతికి మాత్రం ఏమీ తెలియలేదు. తోలు కాలిన వాసన ముక్కుకు తగిలింది, అంతే. వేళ్లు అలవాటుగా కొక్కెం వెతికాయి. ఎత్తాయి. మూత తెరుచుకుంది. చేతిని పెట్టెలో పెట్టి, పట్టినన్ని నిప్పులు పిడికిట పట్టి, చూడకుండా భుజం మీదుగా వెనక్కి విసిరింది.

రాయప్ప అరుపు బస్టాండు దాకా వినబడిందని తరవాత చెప్పుకున్నారు. బెల్టు వదులైంది. ఆమె గాలి పీల్చింది. ఆ పీల్పుకే గొంతు చీలినట్టయింది. మోకాళ్ల మీద లేచింది. అతను ముఖం రెండు చేతుల్లో పట్టుకుని గింగిరాలు తిరుగుతున్నాడు. ఒక నిప్పు చొక్కా కాలరులోకి జారి పొగ వస్తోంది. పారిపోవడానికి దారి ఖాళీగానే ఉంది. ఆమె పారిపోలేదు. పెట్టెను పిడితో ఎత్తింది. మొదటి దెబ్బ మోకాలి చిప్ప మీద వేసింది. ఎండుకట్టె విరిగినట్టు వినబడి అతను కూలిపోయాడు. పడ్డవాడు పడ్డట్టే పాకి ఆమె కాలు పట్టుకుని కొరికాడు. రెండో దెబ్బ ఆ పట్టుకున్న చేతి మీద వేసింది. పట్టు తప్పి అతని వేళ్లు ఆమె కాలిని వదిలేశాయి. అతను వెల్లకిలా తిరిగి, కనబడే ఒక్క కంటితో పైకి చూశాడు.

పెట్టె అతని తల మీదకు ఎత్తి ఉంది. పైనుంచి బూడిద రాలుతోంది.

"వద్దే" అన్నాడు. "నీ కాళ్లు పట్టుకుంటా. వద్దే."

అప్పుడే ఐజాక్ ఆటో సందు మలుపు తిరిగింది. దిగిన ఆడవాళ్ల జుట్ల నిండా, చీరల నిండా పత్తి. మట్టిలో చీరలు, మెడకు బెల్టుతో రక్తం కారుతున్న అంతోనమ్మ, నేల మీద పొగలు కక్కుతున్న మగాడు. ఎవరికీ ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. పక్కింటి మార్తమ్మ ఏళ్లుగా గోడ అవతల నుంచి అన్నీ విన్న మనిషి. ఆమె ముందుకొచ్చి పొయ్యి రాయి ఒకటి రెండు చేతులా ఎత్తింది.

"వెయ్యి వదినా. నువ్వొకటి వెయ్యి, నేనొకటి వేస్తా. చూసింది ఎవరు? మేమెవరం చూడలేదు."

వెనకున్న ఆడవాళ్లందరూ ఇంకొంచెం దగ్గరకు వచ్చారు. ఆ రావడంలోనే సమాధానం ఉంది.

అంతోనమ్మ పెట్టెను అలాగే ఎత్తి పట్టుకుంది. పెట్టె బరువు అప్పుడు తెలిసింది. దింపితే చాలు, పడుతుంది. ఎన్ని రాత్రులు ఇదే ఊహించుకుని నిద్రపోయిందో ఆమెకే తెలుసు. పక్కకు వంగి పెట్టెను నేల మీద పెట్టింది. నీళ్ల గిన్నె తీసుకుని, చీరల మీద చల్లినట్టే, వేళ్లతో అతని ముఖం మీద చల్లింది. చొక్కాలో పొగ వస్తున్నచోట మిగతా నీళ్లు కుమ్మరించింది. మాట రాని గొంతుతోనే మాట్లాడింది. వంగి వింటే గానీ వినబడలేదు.

"చావకు. నువ్వు చస్తే జైలుకి నేను పోవాలి. నువ్వే పోవాలి జైలుకి. చావకు."

మార్తమ్మ రాయి దింపింది. మార్తమ్మా, ఇంకొక ఆమె కలిసి బట్టలారేసే నైలాన్ తాడు విప్పి రాయప్పను గుంజకు కట్టారు. ఎవరూ మెత్తగా కట్టలేదు. ఐజాక్ ఆటో దిగి, దగ్గుతూ వచ్చి, అతని ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

"నా మనవడి పెళ్లిలో పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టాను కదరా నీకు. నా వయసేంటో నీకు తెలీదా?"

రాయప్ప ముఖం తిప్పుకున్నాడు.

ఆరున్నరకు సరిగ్గా యేసురాజు వచ్చాడు. వెంట పాస్టరుగారు, నలుగురు పెద్దలు, ఒకరి తల మీద అద్దె కుర్చీలు. ఇంకా గంట టైముంది, కూర్చుని మాట్లాడుకుందాం అని చెబుతూనే సందు తిరిగాడు. అంబులెన్సు అప్పటికే వచ్చి ఉంది. చెల్లెలి మెడ చూశాడు. గుంజకు కట్టేసిన బావను చూశాడు.

"వచ్చేశాడు అన్నయ్యా" అంది అంతోనమ్మ.

యేసురాజు అక్కడే కూలబడి పిల్లాడిలా ఏడ్చాడు. ఆ కుర్చీల్లో ఎవరూ కూర్చోలేదు.

పొరపాటు ఎక్కడ జరిగిందో ఆసుపత్రికి చూడ్డానికి వచ్చిన ఆదిశేషయ్య గారు విప్పి చెప్పారు. బస్టాండు ఎదురుగా టికెట్లు బుక్ చేసే కొట్టు ఆయనది. ఆయన చొక్కాలన్నీ అంతోనమ్మే ఇస్త్రీ చేస్తుంది. ఎక్కే ఊరికి ఆ ఊరి టైము, దిగే ఊరికి ఈ ఊరి టైము వేస్తారమ్మా, ఎక్కేదానికి కలపాలి గానీ దిగేదానికి కలపకూడదు, నన్నొక్క మాట అడిగితే చెప్పేవాణ్ణి కదా అని నొచ్చుకున్నారు. మధ్యలో టిఫినుకు ఆగుతుందనుకున్నామని యేసురాజు తలొంచుకుని చెప్పాడు. మంచం మీద అంతోనమ్మ నాలుకతో లేని పన్ను చోటు తడుముకుంది. కలుపుకోవడం ఆమెకు ఎవరు నేర్పారో, ఎలా నేర్పారో అప్పుడు గుర్తొచ్చింది.

కేసు నడిచింది. రాయప్ప తరఫు లాయరు, ఈవిడే మొగుణ్ని చంపాలని నిప్పులు సిద్ధం చేసుకుని కాచుకుని కూర్చుందన్నాడు. మొగుడు వచ్చే టైము ముందే తెలుసు కదా అని గట్టిగా నిలదీశాడు. అంతోనమ్మ గొంతు అప్పటికి సగమే తిరిగి వచ్చింది. ఆమె తన లెక్క మొత్తం చెప్పింది, ఏడున్నర ఎలా పదైందో, మూడు ఎలా ఐదున్నరైందో, ఎప్పటినుంచి అలా కలుపుతోందో, మొదటిసారి కలపనందుకు ఏమైందో. నోరు తెరిచి పన్ను లేని చోటు చూపించింది. ఎడమ చెయ్యి ఎత్తి చూపించింది. వాడు వచ్చే టైము నాకు సరిగ్గా తెలిస్తే పెద్దమనుషుల్ని ఆరున్నరకు ఎందుకు రమ్మంటానండీ, అంది. తరవాత ఆ గొంతు రికార్డు పెట్టి వినిపించారు. లాయరు కాగితాలు మడిచి కూర్చున్నాడు.

రాయప్పకు ఏడేళ్లు పడింది. రాజమండ్రి జైలుకు పంపారు. ఒక కన్ను లేదు, కాలు ఈడుస్తాడు. అంతోనమ్మ మెడ చుట్టూ నల్లటి చార ఉండిపోయింది. దాన్ని కప్పుకోవడం మొదట్లోనే మానేసింది.

ఒకరోజు సాయంత్రం అమ్మను చూసి పెనుగొలను నుంచి తిరిగి వస్తోంది. గంపలగూడెంలో ఐజాక్ ఆటో దొరికింది. వెనక పత్తి కూలీలు ఒకరి మీద ఒకరు కూర్చుని ఉన్నారు. ఐజాక్ ఏమనాలో తెలియక, ఇంకో ఆటో వస్తుందేమో చూడమ్మా అని నసిగాడు. ఆమె ముందుకు వచ్చి ఆయన పక్కనే ఎక్కి కూర్చుంది.

కొంత దూరం పోయాక, దగ్గు ఆపుకుని ఐజాక్ అడిగాడు. "రాజమండ్రి ఎంత దూరమమ్మా ఇక్కడికి?"

"బస్సుకైతే నాలుగైదు గంటలు బాబాయ్."

"అయితే కువైట్ కంటే దగ్గరే కదమ్మా. నీకు భయమెయ్యదా?"

అంతోనమ్మ ఎదురుగాలికి కొంగు సర్దుకుంది.

"దగ్గరే. కాకపోతే అక్కడ టికెట్టు ఇవ్వరు."

ఐజాక్‌కు నవ్వొచ్చింది. నవ్వుతో దగ్గు, దగ్గుతో మళ్లీ నవ్వు. ఆటో రోడ్డు మీద పాములా మెలికలు తిరిగింది. ముందు రోడ్డు చూడవయ్యా ముసలాయనా అని వెనకనుంచి ఆడవాళ్లంతా తిట్లు లంకించుకున్నారు.